నడక, సైకిల్ రెండూ సాగే బాటను పటంలో ఎలా రాయాలి?

చెరువుగట్టు_నడక · హైదరాబాద్ · శనివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఎవరైనా రాయగలిగే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా కాలనీ వీధులు, గుళ్ళు, బస్టాపులు రాయడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఇప్పటిదాకా పెద్దగా ఇబ్బంది రాలేదు. ఇప్పుడు ఒక్క బాట దగ్గర ఆగిపోయాను.

మా ఇంటి దగ్గర చెరువు చుట్టూ బాట వేశారు. పొడవు రెండు కిలోమీటర్ల పైనే. పెద్ద గేటు నుంచి కట్ట మైసమ్మ గుడి వరకు ఒక సగం ఎర్ర రంగు తారు, దాని మీద సైకిల్ బొమ్మ. రెండో సగం ఇంటర్‌లాకింగ్ టైల్స్, దాని మీద మనిషి బొమ్మ. మధ్యలో తెల్ల గీత. గుడి దాటాక బాట సన్నబడిపోతుంది. రంగు లేదు, గీత లేదు, అంతా టైల్సే. అందరూ కలిసే పోతారు.

నిరుడు దసరా సెలవుల్లో గుడి పక్క మలుపులో మా నాన్నగారిని వెనక నుంచి సైకిల్ గుద్దింది. మణికట్టు విరిగింది. తొక్కిన పిల్లాడికి పదమూడేళ్ళుంటాయి, నాన్న కంటే వాడే ఎక్కువ ఏడ్చాడు. "మ్యాప్‌లో సైకిల్ ట్రాక్ అని ఉంది ఆంటీ" అని ఫోన్ తీసి చూపించాడు. నిజమే, బాట మొత్తం నీలి చుక్కల గీత. నాన్న ఫోన్‌లో మూడు నెలల ముందు దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది. అందులో అదే బాట నడకదారి. ఇంటికొచ్చి హిస్టరీ తీసి చూస్తే ఒకరు సైకిల్‌వే అని పెట్టారు, ఇంకొకరు ఫుట్‌వే అని మార్చారు, మళ్ళీ మొదటివారు వెనక్కి తిప్పారు. ఇలా మూడుసార్లు జరిగింది. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే చేసుంటారు.

నేను నాలుగోసారి మార్చి ఊరుకోదలచుకోలేదు. దీన్ని సరిగ్గా ఎలా రాయాలి? పటంలో ఒక గీతా, రెండు గీతలా? సైకిల్‌వేనా, ఫుట్‌వేనా, లేక పాత్ అనాలా?

పటాల_పంతులు · గుంటూరు · శనివారం ఉదయం 9:25

అమ్మా, నాన్నగారి చెయ్యి బాగైందా? ఆ వయసులో మణికట్టు అంటే నెలల తరబడి నొప్పి ఉంటుంది.

ముందు ఒక మాట. ట్యాగుల్ని, అంటే పటంలో ప్రతి దారికీ తగిలించే వివరాల్ని, ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఎడిటర్‌లో ఇంగ్లీషు స్పెల్లింగుతో, చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో మొదలైంది. తొలినాళ్ళలో నడిచేవాళ్ళ దారి అయితే హైవే=ఫుట్‌వే, సైకిళ్ళది అయితే హైవే=సైకిల్‌వే. ఇక్కడ హైవే అంటే పెద్ద రోడ్డని కాదు, ఏ దారైనా. ఇద్దరికీ సమానంగా చెందిన దారి వస్తే ఏదో ఒకవైపు మొగ్గక తప్పేది కాదు. ఏ ఒక్కరిదీ కాని దారి కోసం 2008లో హైవే=పాత్ ఓటింగ్‌లో నెగ్గి వచ్చింది. చిక్కు కూడా దానితోనే వచ్చింది. కొండమీద రాళ్ళు పట్టుకుని ఎక్కే కాలిబాటా పాతే, నగరంలో తారు పోసిన నాలుగు మీటర్ల బాటా పాతే అయింది. అందుకే పాత్ అని రాసి వదిలేస్తే ఏమీ రాయనట్టే లెక్క. పక్కన మిగతా ట్యాగులు ఉంటేనే దానికి అర్థం.

మీరు చెప్పినదాన్నిబట్టి అది ఒక బాట కాదు, రెండు ముక్కలు. గుడి దగ్గర పటంలోని గీతను రెండుగా విడగొట్టండి. ఎర్ర రంగు ఉన్న మొదటి ముక్కకు హైవే=పాత్, ఫుట్=డెసిగ్నేటెడ్, బైసికిల్=డెసిగ్నేటెడ్, సెగ్రిగేటెడ్=యెస్. డెసిగ్నేటెడ్ అంటే వాళ్ళకని కేటాయించినది. రెండో ముక్కకు సెగ్రిగేటెడ్=నో. మీ ఇద్దరు మ్యాపర్లు పోట్లాడుకున్నది మొదటి ట్యాగు గురించి. నాన్నగారికి కావలసిన సంగతి మాత్రం ఈ ఆఖరి ట్యాగులో ఉంది. సైకిల్‌కు వేరే పాయ ఉందా, లేక మన భుజం రాసుకునే పోతుందా అన్నది అదే చెబుతుంది.

దారిచూపు · బెంగళూరు · శనివారం ఉదయం 10:02

పంతులు గారూ, సెగ్రిగేటెడ్ విషయంలో నూటికి నూరుపాళ్ళు మీతో ఏకీభవిస్తాను. పాత్ విషయంలో మాత్రం వేరే మాట చెప్తాను.

నా పని రూటింగ్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే పటం చూసి దారి చెప్పే రూటర్‌తో. రూటర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఈ రకం దారి అయితే ఇంత వేగం, ఇంత ఇష్టం అని. సైకిల్‌వే అనగానే అది తడుముకోకుండా ముందుకు పోతుంది. పాత్ కనబడితే మిగతా ట్యాగులన్నీ వెతకాలి. బైసికిల్ ట్యాగు లేకపోతే, సర్ఫేస్ (నేల రకం) లేకపోతే, అది అడవిలో కాలిబాటేమో అని వెనక్కి తగ్గుతుంది. కొన్ని రూటర్లు బాగా వెతుకుతాయి, కొన్ని వెతకవు. అందుకని తారు పోసిన నగరపు బాటలకు నేను హైవే=సైకిల్‌వే, ఫుట్=డెసిగ్నేటెడ్, సెగ్రిగేటెడ్ ఏది ఉంటే అది అని రాస్తాను. అర్థం అదే, తప్పిపోయే అవకాశం తక్కువ.

ఇంకొకటి. ఫుట్ విలువను ఎప్పుడూ విడిగా రాయండి. సైకిల్‌వే మీద నడవొచ్చా లేదా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. నెదర్లాండ్స్‌లో పక్కన కాలిబాట లేకపోతే సైకిల్ బాట మీదే నడవొచ్చు. ఇంకో దేశంలో కుదరదు. మన దగ్గర డిఫాల్ట్ ఏమిటని రూటర్‌ను ఊహించుకోమనడం సరికాదు.

పటాల_పంతులు · గుంటూరు · శనివారం ఉదయం 10:20

దారిచూపు గారూ, రూటర్ కోసమని రాయడం మొదలుపెడితే రేపు రూటర్ మారుతుంది, ఎల్లుండి పటం రంగులు మారతాయి. నేలమీద ఉన్నది రాయాలన్నది మన మొదటి నియమం. చెరువు చుట్టూ వేసిన బాట వాకింగ్‌కి వచ్చేవాళ్ళ కోసం వేసినది. దాన్ని సైకిల్‌వే అని పిలిస్తే ఆ పిల్లాడిలాగే అందరూ తమదే అనుకుంటారు.

దారిచూపు · బెంగళూరు · శనివారం ఉదయం 10:41

ఒప్పుకుంటాను గురువుగారూ, నడకే ప్రధానమైన చోట మీ మాటే సరి. ఒక ఊళ్ళో అందరం ఒకే పద్ధతి పాటిద్దాం, ఒకరు రాసింది ఇంకొకరు తిప్పొద్దు. అది జరిగితే నాకు పాత్ అయినా సరే.

ఇసార్_సైకిల్ · మ్యూనిక్ · శనివారం మధ్యాహ్నం 2:15

అక్కా, నేను ఇక్కడ చదువుకోవడానికి వచ్చి ఐదేళ్ళయింది, రోజూ సైకిల్ మీదే తిరుగుతాను. జర్మనీలో ఈ గొడవ బోర్డులతోనే తేలిపోతుంది. అది ఎలాగో చెప్తాను, మనకు పనికొస్తుంది.

నీలి గుండ్రటి బోర్డు మీద పైన మనుషులు, కింద సైకిల్, మధ్యలో అడ్డగీత ఉంటే అది 240 నంబరు. అంటే ఉమ్మడి బాట, గీత లేదు, సైకిల్ వాళ్ళే నడిచేవాళ్ళను చూసుకుని పోవాలి. అదే బోర్డులో గీత నిలువుగా ఉండి ఒకవైపు మనుషులు, రెండోవైపు సైకిల్ ఉంటే 241. అంటే ఎవరి పాయ వారిది. ఒక్క గీత పడుకుని ఉందా, నిలబడి ఉందా అన్నదాన్నిబట్టి సెగ్రిగేటెడ్ నో అవుతుంది, యెస్ అవుతుంది. ఈ రెండు బోర్డులున్న చోట సైకిల్ వాళ్ళు పక్కన రోడ్డెక్కకూడదు కూడా. అందుకే ఆ రోడ్డుకు బైసికిల్=యూజ్_సైడ్‌పాత్ అని రాస్తారు.

మూడో రకం ఉంది. 239 నంబరు, అంటే నడకదారి బోర్డు. దాని కింద సైకిళ్ళను కూడా రానిస్తాం అని చిన్న తెల్ల పలక. అక్కడ సైకిల్ అతిథి లాంటిది. మనిషి నడిచే వేగంతోనే పోవాలి. ఆ బాటను హైవే=ఫుట్‌వే, బైసికిల్=యెస్ అని రాస్తాం. డెసిగ్నేటెడ్ అనం.

నేను ఇక్కడ చేరిన కొత్తలో ఈ మూడో రకం బాట మీద వేగంగా తొక్కాను. ఒక పెద్దావిడ చేయి అడ్డం పెట్టి ఆపి, బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి చూపించి మరీ చెప్పింది. అప్పటినుంచి యెస్‌కీ, డెసిగ్నేటెడ్‌కీ తేడా మర్చిపోలేదు.

బోర్డు నంబరును ట్రాఫిక్_సైన్ అనే ట్యాగులో రాస్తే, తర్వాత వచ్చేవాళ్ళకు మనం ఏం చూసి రాశామో తెలుస్తుంది. మార్చేముందు ఆగి ఆలోచిస్తారు.

కొత్త_మ్యాపర్ · వరంగల్ · శనివారం మధ్యాహ్నం 3:05

అన్నా, మన దగ్గర ఈ బోర్డులు ఎక్కడుంటయ్? బోర్డు లేకపోతే డెసిగ్నేటెడ్ అని రాయొద్దా? నేల మీద బొమ్మ గీస్తే సరిపోతదా?

ఇసార్_సైకిల్ · మ్యూనిక్ · శనివారం మధ్యాహ్నం 3:30

తమ్ముడూ, నేలమీద వేసిన సైకిల్ బొమ్మ కూడా గుర్తే. అది ఆ దారిని సైకిల్‌కు కేటాయించారని చెబుతోంది, డెసిగ్నేటెడ్ అని రాయొచ్చు. బొమ్మా లేదు, బోర్డూ లేదు, కానీ ఎవరూ ఆపరు అంటే యెస్. "దిగి నడిపించుకుని వెళ్ళండి" అని ఉంటే డిస్‌మౌంట్. రానివ్వమని రాసి ఉంటే నో.

పటాల_పంతులు · గుంటూరు · శనివారం మధ్యాహ్నం 3:52

ఒకటి కలుపుతాను. మన దేశంలోనూ సైకిల్ ట్రాక్‌కు నీలి గుండ్రటి బోర్డు ఉంది, ఎక్కువ చోట్ల పెట్టరు. అయినా ఒక నియమం ఉన్నదే. రోడ్డు పక్కన కాలిబాటో సైకిల్ ట్రాకో ఉంటే మోటారు వాహనం దాని మీదికి ఎక్కకూడదని 1989 నాటి రహదారి నిబంధనల్లోనే రాశారు, యూనిఫారంలో ఉన్న పోలీసు అనుమతిస్తే తప్ప. కాబట్టి స్కూటర్లు ఎక్కుతున్నాయని చూసి మోటార్‌సైకిల్=యెస్ అని రాయకండి. జనం చేస్తున్న తప్పు వేరు, ఉన్న హక్కు వేరు.

గోదారి_గట్టు · భీమవరం దగ్గర · శనివారం రాత్రి 9:10

మీరంతా బోర్డులు, గీతలు, రంగులు అంటున్నారు. మా వైపు సంగతి చెప్పనివ్వండి.

మాకు నడిచేదీ, సైకిల్ తొక్కేదీ కాలవగట్టు మీద. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవలు, వాటిలో పడవలు నడిచేవి. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవను లాక్కుపోయేవారని మా తాతయ్య చెప్పేవారు. ఆ గట్టు మీదే ఇప్పుడు ఆడపిల్లలు హైస్కూలుకు సైకిల్ మీద పోతారు, కూలీలు నడిచిపోతారు, పాల క్యాన్లు కట్టుకుని మోపెడ్లు పోతాయి. ఉపగ్రహ చిత్రంలో చూసేవాళ్ళకు అదంతా ఒకటే మట్టి గీత. ఎక్కడో కూర్చుని పొడవునా హైవే=ట్రాక్ అని గీసేస్తారు. ట్రాక్ అంటే ట్రాక్టరు పట్టే పొలం దారి. మా గట్టు సగం చోట్ల ఎద్దుబండి కూడా పట్టదు.

అందుకని నేను ఇలా చేస్తున్నాను. ట్రాక్టరు పోగలిగినంత వెడల్పు ఉంటే, అంటే మేం పుంత అనేది, అది ట్రాక్. నాలుగు చక్రాలు పట్టకపోతే పాత్. పాత్‌కు ఫుట్=యెస్, బైసికిల్=యెస్, మోటార్‌సైకిల్=యెస్. ఇక్కడ మోటార్‌సైకిల్ తప్పు కాదు పంతులు గారూ, అది ఎవరూ ఎవరికీ కేటాయించని దారి. డెసిగ్నేటెడ్ అనే మాట మా గట్టుకు పనికిరాదు.

ఆ తర్వాత సర్ఫేస్. మాది నల్లమట్టి. వేసవిలో సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. ఆషాఢం వానలు పడ్డాయంటే మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం కదలదు. పిల్లలు సైకిల్ దిగి పుల్లతో మట్టి గోక్కుంటూ నిలబడతారు, బడికి బెల్లు కొట్టేస్తారు. అందుకే సర్ఫేస్=గ్రౌండ్ ఒక్కటే రాసి ఊరుకోను, డిస్క్రిప్షన్‌లో "వానాకాలం సైకిల్ సాగదు" అని తెలుగులో రాస్తాను. కంకర పోసిన గట్టు పక్క ఊరి మీదుగా చుట్టు తిరిగి ఉంది. వానాకాలం పిల్లలకు అదే దారి. రెండింటికీ సర్ఫేస్ రాస్తేనే కదా ఏది ఎప్పుడు పనికొస్తుందో ఎవరికైనా తెలిసేది.

ఇంకో సంగతి. చేపల చెరువుల గట్లు పైనుంచి చూస్తే అచ్చం కాలవగట్టులాగే కనబడతాయి. అవి సొంత గట్లు, రాత్రి కాపలా ఉంటుంది. వాటికి యాక్సెస్=ప్రైవేట్ తప్పనిసరిగా రాయాలి. నిరుడు ఒక సైకిల్ బృందం మ్యాప్ పట్టుకుని అలాంటి గట్టు మీదికి వచ్చి, కాపలా కుర్రాళ్ళతో గొడవపడే దాకా వెళ్ళింది.

దారిచూపు · బెంగళూరు · శనివారం రాత్రి 9:48

గోదారి గట్టు గారూ, ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను. ట్రాక్‌కూ పాత్‌కూ మధ్య "నాలుగు చక్రాలు పడతాయా" అన్న మీ పరీక్ష చాలా తేలికైనది, కొత్తవాళ్ళకు అదే చెప్తాను.

డొంకదారి · నల్లగొండ · శనివారం రాత్రి 10:15

పుంత అని మీరు అనేదాన్ని మేం డొంక అంటాం. గుంటూరు వైపు కూడా డొంకే అంటారు. పంతులు గారికి తెలుసు.

అందరికీ ఒక మనవి. "సైకిల్ ట్రాక్", "వాకింగ్ ట్రాక్" అని నేమ్ ట్యాగులో రాస్తున్నారు. అది పేరు కాదు, వర్ణన. దారికి ఊరివాళ్ళు పిలుచుకునే పేరు ఉంటేనే నేమ్. మా దగ్గర "రేవు బాట" అని ఒక దారి ఉంది, అది పేరు. తెలుగు పేరును నేమ్:టీఈలో కూడా రాస్తే తెలుగులో మ్యాప్ చూసేవాళ్ళకు కనబడుతుంది.

వర్ణనకు మనకంటూ మాటలు ఉంటే బాగుంటుంది. గీత లేకుండా అందరూ కలిసి పోయేది "ఉమ్మడి బాట". గీత గీసి రెండు పాయలు చేసినది "జంట బాట". ఎలా ఉంది?

చెరువుగట్టు_నడక · హైదరాబాద్ · శనివారం రాత్రి 10:32

చాలా బాగుంది. ఉమ్మడి బాట అనగానే మా నాన్నకు కూడా అర్థమైంది, పక్కనే కూర్చుని చదువుతున్నారు. "ఉమ్మడి అంటే చూసుకుని పోవాలి" అన్నారు.

డాలస్_నాన్న · టెక్సస్ · ఆదివారం ఉదయం 6:40

ఒక గీతా, రెండు గీతలా అని అడిగారు కదా, ఆ ప్రశ్న మధ్యలో మరుగున పడిపోయింది.

డాలస్‌లో కేటీ ట్రెయిల్ అని ఉంది. పాత రైలు మార్గం తీసేసి బాట చేశారు, మూడున్నర మైళ్ళు. కాంక్రీటు బాట ఒకటి, చాలా దూరం దాని పక్కనే నడిచేవాళ్ళకు, పరుగెత్తేవాళ్ళకు మెత్తటి ట్రాక్ విడిగా. అలాంటి చోట రెండు గీతలు గీయాలి, ఎందుకంటే అవి రెండు వేర్వేరు దారులు. మధ్యలో గడ్డి, చెట్టు, గట్టు, రెయిలింగ్ ఏదైనా అడ్డం ఉంటే రెండు. ఒకే తలం మీద రంగో గీతో మాత్రమే ఉంటే ఒకటే గీత, సెగ్రిగేటెడ్=యెస్. నేను పెట్టుకున్న గుర్తు ఏమిటంటే, సైకిల్ మీద ఉన్నవాడు దిగకుండా రెండోవైపుకు తిప్పగలడా? తిప్పగలిగితే ఒకటే బాట.

మా అమ్మానాన్న వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు నేను మొదట వెతికేది సెగ్రిగేటెడ్=యెస్ బాటలే. వాళ్ళు ఎడమవైపు నడవడం అలవాటైనవాళ్ళు, ఇక్కడ అంతా కుడి. వెనకనుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని సైకిల్ వాళ్ళు కేకేస్తే, ఎడమకు జరగమన్నారనుకుని సరిగ్గా సైకిల్‌కు ఎదురు వెళ్ళేవాళ్ళు. ఎడమవైపు నుంచి దాటిపోతున్నాం అని దాని అర్థం. ఇది మొదటి రోజే చెప్పాలి, ఇక్కడికి పెద్దవాళ్ళను పిలిపించుకునే ప్రతి ఒక్కరూ.

గోపన్నపల్లి_తొక్కుడు · హైదరాబాద్ · ఆదివారం ఉదయం 7:55

మన హెల్త్‌వే సంగతేమిటి? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్, 2023 అక్టోబరు 1న మొదలైంది. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు లేన్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర. ఇది సైకిల్ కోసమే కట్టినది కాబట్టి సైకిల్‌వే అనడంలో ఎవరికీ పేచీ ఉండకూడదు. తెల్లవారుజామున నేను తొక్కేటప్పుడు నడిచేవాళ్ళు కూడా కనబడుతూనే ఉంటారు.

పటాల_పంతులు · గుంటూరు · ఆదివారం ఉదయం 8:20

అది సైకిల్‌వేనే. పైకప్పు ఉంది కాబట్టి కవర్డ్=యెస్ కూడా రాయండి, ఎండలో తొక్కేవాడికి అది పెద్ద కబురు. నడకకు కనబడేవాళ్ళను చూసి ఫుట్=డెసిగ్నేటెడ్ అనకండి. ఎక్కే చోట బోర్డు మీద ఏం రాశారో చదివి, ఫొటో తీసి, దాన్నిబట్టి రాయండి.

మూడుచక్రాలు · రాజమండ్రి · ఆదివారం ఉదయం 9:05

నేను చేతులతో తొక్కే మూడు చక్రాల సైకిల్ మీద తిరుగుతాను. నా మాట కూడా వినండి.

నాకు ముందు కావలసింది లోపలికి వెళ్ళే సందు. మోటార్‌సైకిళ్ళు రాకూడదని బాట మొదట్లో ఇనుప గుంజలు పాతుతారు, లేదంటే వంకర తిరిగే గేటు పెడతారు. నడిచేవాళ్ళు పక్కకు తిరిగి దూరిపోతారు, సైకిల్‌ను ఎత్తి దాటిస్తారు. నేను అక్కడే ఆగిపోతాను. లోపల బాట ఎంత బాగున్నా నాకు లేనట్టే. నా బండి వెడల్పు 82 సెంటీమీటర్లు.

దయచేసి గుంజ ఉన్న చోట ఒక చుక్క పెట్టి బ్యారియర్=బోలార్డ్ అని, వంకర గేటు అయితే బ్యారియర్=సైకిల్_బ్యారియర్ అని రాయండి. సందు కొలిచి మాక్స్‌విడ్త్:ఫిజికల్ రాయండి. మీకది ఒక్క నిమిషం పని. నేను ఆటో మాట్లాడుకుని, సైకిల్ పైకెక్కించుకుని, ఎనిమిది కిలోమీటర్లు పోయి, గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చిన రోజులు ఉన్నాయి.

డాలస్_నాన్న · టెక్సస్ · ఆదివారం ఉదయం 9:20

అన్నగారూ, చంటిపిల్లల బండి తోసుకెళ్ళేవాళ్ళకూ ఇదే తిప్పలు. ఈ వారం మా చుట్టుపక్కల బాటల గేట్లన్నీ కొలుస్తాను.

కొత్త_మ్యాపర్ · వరంగల్ · ఆదివారం ఉదయం 9:31

నేను కూడా కొలుస్తా అన్నా. టేపు ఉంది.

చెరువుగట్టు_నడక · హైదరాబాద్ · ఆదివారం మధ్యాహ్నం 12:45

పొద్దున్నే నాన్న, నేను టేపు పట్టుకుని వెళ్ళాం. మూడు గంటలు పట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటి ముక్క మొత్తం వెడల్పు 4 మీటర్ల 10. ఎర్ర పాయ 2 మీటర్ల 20, టైల్స్ పాయ 1 మీటరు 90. గీత కొన్నిచోట్ల చెరిగిపోయింది. టైల్స్ పాయలో మూడు చోట్ల కానుగ చెట్ల వేళ్ళు టైల్స్‌ను పైకి లేపేశాయి, ఒక చోట అయితే నాలుగు వేళ్ళ ఎత్తు. అక్కడ నడిచేవాళ్ళంతా ఎర్ర పాయలోకి దిగుతున్నారు, మేం నిలబడి చూశాం. సైకిల్ పాయలో జనం ఎందుకు నడుస్తారని తిట్టుకునేవాళ్ళు ఆ వేళ్ళు చూడాలి. రెండు పాయలకూ సర్ఫేస్, స్మూత్‌నెస్ వేర్వేరుగా రాయొచ్చా?

అసలు సంగతి గుడి దగ్గర. అక్కడ ఒక ఇనుప స్తంభానికి పండగ ఫ్లెక్సీ కట్టి ఉంది, ఎప్పటిదో, రంగు వెలిసిపోయింది. నాన్న దాని అంచు పట్టుకుని ఎత్తి చూశారు. వెనక బోర్డు ఉంది. "సైకిళ్ళు దిగి నడిపించుకొని వెళ్ళవలెను". మలుపు అవతల డెబ్భై అడుగుల దూరంలో రెండో వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇంకొకటి ఉంది, అది కొమ్మల్లో దాగిపోయింది. అంటే ఆ మలుపు ఉమ్మడి బాట కానే కాదు. ఆ పిల్లాడికి బోర్డు కనబడే అవకాశమే లేదు, మ్యాప్ కూడా చెప్పలేదు. నాన్న అక్కడే అరుగు మీద కాసేపు కూర్చుండిపోయారు. "వాడిని ఆ రోజు ఊరికే కోప్పడ్డాను" అన్నారు.

ఫ్లెక్సీ విప్పేశాం. గుడి పూజారి గారే కత్తెర ఇచ్చారు.

పటాల_పంతులు · గుంటూరు · ఆదివారం మధ్యాహ్నం 1:10

అమ్మా, ఇంత శ్రద్ధగా చూసి వచ్చినందుకు మీకూ నాన్నగారికీ నమస్కారం.

అయితే బాట మూడు ముక్కలు. పెద్ద గేటు నుంచి గుడి వరకు జంట బాట, సెగ్రిగేటెడ్=యెస్. బోర్డు నుంచి బోర్డు వరకు ఆ డెబ్భై అడుగులు హైవే=ఫుట్‌వే, బైసికిల్=డిస్‌మౌంట్. అక్కడి నుంచి చివరిదాకా ఉమ్మడి బాట, పాత్, ఫుట్=యెస్, బైసికిల్=యెస్, సెగ్రిగేటెడ్=నో. రెండు పాయలకూ వేర్వేరుగా రాయొచ్చు. ఫుట్‌వే:సర్ఫేస్, సైకిల్‌వే:సర్ఫేస్ అని ట్యాగులున్నాయి, స్మూత్‌నెస్‌కూ అలాగే. మొత్తం వెడల్పును విడ్త్‌లో రాయండి.

ఛేంజ్‌సెట్ కామెంట్‌లో, అంటే మార్పు సేవ్ చేసేటప్పుడు రాసే వివరణలో, ఏ రోజు వెళ్ళి చూశారో, బోర్డు మీద ఏం రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. వెనక్కి తిప్పిన ఆ ఇద్దరికీ కూడా మెసేజ్ పెట్టండి.

దారిచూపు · బెంగళూరు · ఆదివారం మధ్యాహ్నం 1:34

డిస్‌మౌంట్ ఉంటే రూటర్ ఆ కాస్త దూరానికి నడక వేగం లెక్కేస్తుంది, "దిగి నడిపించండి" అని చెప్పే యాప్‌లు కూడా ఉన్నాయి.

అక్కా, మీ చెరువు ప్రాంతం ఇప్పుడే తెరిచి చూశాను. బాట చివర కొస, బయటి రోడ్డుకు రెండు మీటర్ల ఇవతలే ఆగిపోయింది. తెర మీద అంటుకున్నట్టే కనబడుతుంది కానీ నోడ్, అంటే గీత చివరి చుక్క, కలవలేదు. నోడ్ కలవకపోతే రూటర్ దృష్టిలో అక్కడ గోడ ఉన్నట్టే. ఎన్ని ట్యాగులు సరిగ్గా రాసినా ఆ వైపు నుంచి ఎవరికీ ఈ దారి చూపించదు. నేలమీద నిజంగా దారి ఉందా, లేక గోడే ఉందా?

చెరువుగట్టు_నడక · హైదరాబాద్ · ఆదివారం సాయంత్రం 6:20

నిజంగా దారి ఉంది, చిన్న గేటు. ఇప్పుడే కలిపాను. మూడు ముక్కలూ చేశాను, వెడల్పులు, టైల్స్, రెండు బోర్డులు, దీపాలు అన్నీ రాశాను. ఇద్దరు మ్యాపర్లకూ మెసేజ్ పెట్టాను. ఒకరు అప్పుడే జవాబిచ్చారు. ఆయన పెద్ద గేటు వైపు నుంచి మాత్రమే చూశారట, గుడి దాకా ఎప్పుడూ రాలేదట. రెండోవారు మా అవతలి కాలనీలోనే ఉంటారేమో, చిన్న గేటు వైపు నుంచి రోజూ నడకకు వస్తారని ప్రొఫైల్‌లో ఉంది.

మూడుచక్రాలు · రాజమండ్రి · ఆదివారం సాయంత్రం 6:41

అమ్మా, ఆ చిన్న గేటు సందు ఎంత?

చెరువుగట్టు_నడక · హైదరాబాద్ · ఆదివారం సాయంత్రం 7:30

అన్నగారూ, అది కొలవడం మర్చిపోయాను, మళ్ళీ వెళ్ళి వచ్చాను. చిన్న గేటు దగ్గర రెండు గుంజల మధ్య 71 సెంటీమీటర్లు. అక్కడి నుంచి మీకు కుదరదు. పెద్ద గేటు దగ్గర మూడు గుంజలున్నాయి, ఎడమవైపు సందు 78, కుడివైపు 96. కుడివైపు నుంచి రావచ్చు. మూడు సందులకూ కొలతలు రాశాను. పెద్ద గేటు నుంచి గుడి వరకు ఎర్ర పాయలో మీకు వేళ్ళ అడ్డం కూడా ఉండదు. హైదరాబాద్ వచ్చినప్పుడు చెప్పండి, నాన్న, నేను గేటు దగ్గరికి వస్తాం.